నలుసు కూడా వదలని మనిషి

రొట్టెల దుకాణం వెనుక గదిలో, పొయ్యికి ఎదురుగా, మనిషి నిలువెత్తు పొడవున్న చెక్క పలక ఒకటి ఉండేది. పిండి ముద్దలను విడదీసి గుండ్రంగా చుట్టేది ఆ పలక మీదే. పని ముగిశాక తండ్రి దాన్ని వెంటనే కడిగేవాడు కాదు. ముందు వెడల్పాటి కుంచెతో మూలల నుంచి మధ్యకు ఊడ్చి, కూడిన పొడినంతా ఒక గిన్నెలోకి దులిపి, తర్వాతి ముద్దలో కలిపేవాడు. ఆ తర్వాతే తడిగుడ్డ. పలక మీద నలుసు మిగిలితే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. ఈ పనిని ఆయన కొడుక్కి మాటలతో నేర్పలేదు. చేతికి కుంచె ఇచ్చి పక్కన నిలబడ్డాడు, అంతే.

కొడుకు రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, మరెక్కడా చేరకుండా దుకాణంలోకే వచ్చాడు. చేత్తో ఎత్తి చూసి ముద్ద బరువు చెప్పగలిగిన పనివాళ్ళ మధ్య, అతనొక్కడే ప్రతి ముద్దనూ తూచేవాడు. అందుకని వాళ్ళు అతనికి 'త్రాసు' అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే అక్కకు ఈ తూకం పిచ్చి ఎప్పుడూ నవ్వులాటే.

"మాటలు కూడా తూచే మాట్లాడతావేంట్రా? అక్కడ గిరాకీ నిలబడి ఉంది. రొట్టె ఉందనో లేదనో ఒక్క ముక్క చెప్పు."

"ఇప్పుడు లేదు. కాసేపట్లో ఉంటుంది."

"అదిగో, అందులోనూ గ్రాముల లెక్కే!"

కన్యస్త్రీలు నడిపే వృద్ధాశ్రమానికి ప్రతి ఉదయం రొట్టెలు చేర్చడం త్రాసు పనుల్లో ఒకటి. అతని జీవితం మలుపు తిరిగింది ఆ ఆశ్రమంలోని మూల గదిలో. రైలింజను డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ముసలాయన అక్కడ చివరి ఘడియల్లో ఉన్నాడు. ఫాదర్‌కు కబురు వెళ్ళింది, ఆయన దారిలో ఉన్నాడు. పక్కన కూర్చున్న సిస్టరును మరో మంచం వాళ్ళు పిలిచారు. రొట్టెల బుట్టతో గుమ్మంలో కనబడిన త్రాసును ఆమె లోపలికి రమ్మంది.

"ఫాదర్ గారు వచ్చేదాకా ఈయన చెయ్యి పట్టుకో బాబూ. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు."

ముసలాయన కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఫాదర్ వచ్చారా?"

"ఇంకా లేదండీ. నేను రొట్టెలవాణ్ణి."

"అయితే నువ్వే చెప్పు. ఏదో ఒకటి."

త్రాసుకు గట్టిగా వచ్చిన ప్రార్థన పరలోక జపం ఒక్కటే. అదే చెప్పాడు. ముగిశాక ముసలాయన చెయ్యి వదలలేదు కనుక మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అలా ఎన్నిసార్లు చెప్పాడో, దేనినైనా లెక్కపెట్టే ఆ మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం లెక్కపెట్టలేదు. ఫాదర్ వచ్చి పవిత్ర తైలం డబ్బీ తెరిచినప్పుడు త్రాసు లేచి గోడవైపు ఒక అడుగు జరిగాడు. తాను పక్కకు జరగవలసి వచ్చిన ఆ ఒక్క అడుగు తనను వదలలేదని చాలా కాలం తర్వాత చెప్పాడు. ఆ మంచం పక్కన చివరిదాకా నిలబడి ఉండే మనిషి తాను కావాలనిపించింది.

అయితే అనిపించినదాన్నల్లా నమ్మే స్వభావం కాదతనిది. జాలి వేరు, ఫాదర్ కమ్మనే దేవుని పిలుపు వేరు అన్న సంగతి అతనికి తెలుసు. అందుచేత ఒక పరీక్ష పెట్టుకున్నాడు. వేసవి అంతా ఆశ్రమానికి రొట్టెలు మరొకరి చేత పంపి, తాను అటు వెళ్ళకుండా ఉన్నాడు. కారణం తీసేస్తే ఆరిపోయేదైతే ఆరిపోతుంది. వానలు మొదలయ్యేసరికి ఆ కోరిక తగ్గలేదు సరికదా, ఆశ్రమంతో పని లేకుండానే నిలబడగలిగింది. అప్పుడు వెళ్ళి పేట చర్చి ఫాదర్‌తో మాట్లాడాడు. ఆయన ఏడాదిపాటు ప్రతి నెలా పిలిచి మాట్లాడి, ఆ తర్వాత సెమినరీకి ఉత్తరం రాశాడు.

ఇంట్లో ఆ మాట చెప్పిన రోజున తండ్రి పలక ఊడుస్తున్నాడు. కుంచె ఆపకుండానే అడిగాడు.

"ఈ పొయ్యి ఎవరు చూస్తారు?"

"అక్క చూస్తుంది నాన్నా. ఇప్పుడు చూస్తున్నదీ అక్కే."

గల్లాపెట్టె వైపు నుంచి అక్క గొంతు వినిపించింది. "ఇన్నేళ్ళకి నా గురించి ఒక నిజం చెప్పాడు! నాన్నా, వాణ్ణి వెళ్ళనివ్వండి. కానీ ఒరేయ్, నువ్వు ప్రసంగం చేస్తే మాత్రం జనం దిండ్లు తెచ్చుకోవాలి."

"మొండివాడు," అన్నాడు తండ్రి. "ఆ మొండితనం దేవుడు పెట్టాడో వాళ్ళమ్మ పెట్టిందో."

"నా మీదకెందుకు నెడతారు? అచ్చం మీ పోలికే," అంది తల్లి, అన్నం వార్చిన చేతులు తుడుచుకుంటూ.

అంగీకారం ఆ ఇంట్లో ఆ రూపంలోనే వచ్చింది.

సెమినరీ గదిలో ఇనుప మంచం, బల్ల, కుర్చీ, నీళ్ళ కుళాయి, బట్టలు ఆరేసే పెరడు వైపు తెరుచుకునే కిటికీ ఉండేవి. గురువులు, అంటే ఫాదర్లు, కాబోయేవాళ్ళు అక్కడ ముందు తత్వశాస్త్రం, ఆ తర్వాత దైవశాస్త్రం చదువుతారు. రోజు మొత్తం గంట మీద నడుస్తుంది. రాత్రి ప్రార్థన నుంచి ఉదయపు పూజ ముగిసేదాకా మౌనం. భోజనాల వేళ ఒకరు చదువుతూ ఉంటే మిగిలినవాళ్ళు వింటూ తింటారు. గంట కొట్టే బాధ్యత ఉన్న సహాధ్యాయికి 'గంట' అనే పేరు స్థిరపడింది. మౌనం ముగిసిన క్షణం నుంచి అతని నోరు కూడా గంటలాగే మోగేది. త్రాసుకు ఆ సందడి పక్కన ఉండడం ఇష్టంగా ఉండేది. తాను మాట్లాడవలసిన భాగం కూడా అతనే మాట్లాడేసేవాడు గనుక.

దైవశాస్త్రం రెండో ఏడాదిలో త్రాసు చిక్కిపోవడం మొదలుపెట్టాడు. నడుము బెల్టుకు కొత్త రంధ్రాలు పొడుచుకోవలసి వచ్చింది. పెదవుల లోపల పుళ్ళు. ఏం తిన్నా కడుపు నిలవనిచ్చేది కాదు. ఒక ఉదయం పూజలో మోకరించినవాడు లేవలేకపోయాడు. రెక్టర్ ఫాదర్, అంటే సెమినరీ పెద్ద, అతన్ని స్వయంగా ఆసుపత్రికి తీసుకువెళ్ళారు.

జీర్ణకోశ వ్యాధుల డాక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. రక్తపరీక్ష చేయించి, సన్నని గొట్టం వేసి చిన్న ప్రేగు లోపలి నుంచి గింజంత కణజాలం తీయించి చూసింది. మామూలుగా ఆ ప్రేగు లోపలి గోడ ముఖమల్ గుడ్డలా సన్నని మొలకలతో నిండి ఉంటుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. త్రాసు ప్రేగులో ఆ మొలకలు అరిగిపోయి గోడ నున్నగా మారింది.

"గోధుమలో ఉండే గ్లూటెన్ మీ ఒంటికి పడదు. అది లోపలికి వెళ్ళినప్పుడల్లా మీ ఒంట్లోని రోగనిరోధక శక్తే మీ ప్రేగు మీద దాడి చేస్తుంది. మందు లేదు. మానేయడమే మందు. జీవితాంతం, నలుసు కూడా వద్దు," అంది ఆమె. ఆ తర్వాత మామూలుగా అడిగింది. "ఇంట్లో ఏం పని చేసేవారు?"

"రొట్టెలు."

డాక్టరమ్మ కలం ఆగింది. "మీరు హాస్యానికి అంటున్నారా?"

"లేదు డాక్టర్."

గ్లూటెన్ అంటే ఏమిటో అతనికి ఎవరూ వివరించనక్కరలేదు. పిండి ముద్దను నీటిధార కింద పట్టుకొని పిసికితే గంజి అంతా కొట్టుకుపోయి, చివరకు చేతిలో సాగే జిగట ఒకటి మిగులుతుంది. రొట్టె పొంగేది దానివల్లనే. బళ్ళో చదువుకునేటప్పుడు అతను ఆ ప్రయోగాన్ని తండ్రి దుకాణంలోనే చేసి చూపించాడు.

జబ్బు పేరు తెలియడంతో కష్టం తీరలేదు. అసలు కష్టం అక్కడే మొదలైంది. దివ్యపూజలో గురువు చేతిలోని అప్పం గోధుమతో చేసినదే అయి ఉండాలి. మరే ధాన్యంతో చేసినా ఆ పూజ చెల్లదు. పూజ చేసే గురువు దాన్ని తప్పక స్వీకరించాలి. వారానికి ఒకసారి కాదు, బతికినన్నాళ్ళూ ప్రతిరోజూ. గోధుమ తినకూడని మనిషి గురువు కాగలడా?

రెక్టర్ ఆ ప్రశ్నను దాచలేదు.

"తలుపు మూసేశారని కాదు బాబూ. గోధుమతోనే చేసి, గ్లూటెన్‌ను దాదాపు పూర్తిగా తీసేసిన అప్పాలు ఉన్నాయి. వాటిని తిరుసభ ఒప్పుకుంటుంది. మీ డాక్టరమ్మ కూడా అంత కొంచెం ఫరవాలేదన్నారు. కానీ బిషప్ గారు ఒక మాట అన్నారు. నువ్వు రేపు ఏదో ఒక ఊళ్ళో ఒంటరిగా ఉంటావు. ఈ పూజ నీ ఒంటిని తినేస్తుందని తెలిసి నీ మీద చేతులుంచి పట్టం ఇవ్వడం ఆయనకు తగదు. ఆ అప్పంతో ఏడాది ఉండు. రక్తపరీక్షలో ఈ జబ్బును చూపే అంకె మామూలు స్థాయికి దిగాలి. దిగితే నీకు డీకన్ పట్టం, ఆ తర్వాత గురువు పట్టం. దిగకపోతే..."

"ఇంటికి," అన్నాడు త్రాసు.

"ఇంటికి," అన్నారు రెక్టర్.

ఆ రోజు నుంచి సెమినరీ అంతా అతనికి కాపలా కాసింది. వంటావిడ అతనికని వేరే బాణలి, వేరే గరిటె, వేరే కంచం ఏర్పాటు చేసి, వాటికి ఎర్ర దారం కట్టింది. దారం లేని గరిటెతో ఎవరైనా అతని కూర ముట్టుకుంటే ఊరుకునేది కాదు. "చెయ్యి తియ్యండి బాబూ! మీకు ప్రసంగాలు నేర్పుతారు గానీ గరిటె పట్టడం నేర్పరా?" అనేది. రెక్టర్ మరో మేలు చేశారు. అప్పటిదాకా త్రాసు వంతు భోజనశాల బల్లలు తుడవడం. ఆ బల్లల మీద రొట్టె పొడి రాలుతుంది. అందుకని ఆయన అతన్ని అక్కణ్ణించి తప్పించి, ప్రార్థనాలయంలో పీఠం దగ్గర పనికి మార్చారు. అప్పటికే అతనికి పీఠసేవకుడి బాధ్యత ఇచ్చి ఉన్నారు. కనుక ఉదయపు పూజలో, అందరూ సత్ప్రసాదం స్వీకరించాక పాత్రలను శుద్ధి చేసే పని ప్రతిరోజూ అతనిదైంది.

ఆ పనికి అతనికంటే తగిన మనిషి లేడని అందరూ అన్నారు. "మిగిలినవాళ్ళు నేను చూస్తున్నానని తుడుస్తారు. ఇతను దేవుడు చూస్తున్నాడని తుడుస్తాడు," అన్నారు రెక్టర్ ఒకసారి, ఇతరులు వినేటట్టు.

అంకె దిగలేదు. మొదటి పరీక్షలో ఉన్నచోటే ఉంది. రెండో పరీక్షలో పెరిగింది.

"మీరు ఎక్కడో గోధుమ తింటున్నారు," అంది డాక్టరమ్మ.

"లేదు డాక్టర్."

"నిన్న నోట్లోకి వెళ్ళినవన్నీ చెప్పండి. మంచినీళ్ళతో సహా."

అతను వరసగా చెప్పాడు. అన్నం, ఉడికించిన దుంపలు, గుడ్డు, పండు, పాలు, ప్రత్యేకమైన అప్పం. ఆమె రెండుసార్లు "ఇంకా?" అంది. రెండుసార్లూ "అంతే" అన్నాడు. ఆమె నమ్మలేదు. ఆ మాట పైకి అనలేదు గానీ, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిన తీరులో అది తెలిసింది. త్రాసును ఎవరైనా అబద్ధాలకోరుగా చూడడం అదే మొదటిసారి.

కారణాన్ని వెతకడంలో అతను తనకు తెలిసిన పద్ధతినే పాటించాడు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పళ్ళపొడి మార్చాడు. బలానికి వేసుకునే మాత్రల పైపూతలో ఏముందో తయారీవాళ్ళకు రాసి కనుక్కున్నాడు. బాణలి మార్పించబోతే వంటావిడకు కోపమొచ్చింది.

"నా గిన్నె మీద అనుమానమా? నా కడుపున పుట్టినవాళ్ళకి కూడా ఇంత చూడలేదు నేను."

"మీ మీద కాదు పెద్దమ్మా. నా మీదే."

ఆమె కొత్త బాణలికి ఎర్ర దారం కట్టింది. ఆ తర్వాతి పరీక్షలోనూ తేడా రాలేదు.

మిగిలింది ఇల్లు. సెలవుల్లో వెళ్ళినప్పుడు దుకాణంలో కాసేపు నిలబడేవాడు. గాలిలో పిండి ధూళి ఉంటుంది, ముక్కులోంచి గొంతులోకి దిగుతుంది. అందుకని ఇంటికి వెళ్ళినా దుకాణంలో అడుగు పెట్టనని చెప్పాడు. దానికి జవాబు అక్కే ఇచ్చింది.

"ఇంటికొస్తావు, గుమ్మం బయటే నిలబడతావు. చూసేవాళ్ళు తనిఖీ ఆఫీసరొచ్చాడనుకుంటున్నార్రా!"

అప్పటికీ అంకె దిగలేదు. ఈలోగా సెమినరీలో అతని గురించి మాటలు మొదలయ్యాయి. త్రాసుకు ఆధ్యాత్మిక సలహాలిచ్చే ముసలి ఫాదర్ ఒక సాయంత్రం తోటలో నడుస్తూ మెల్లగా అన్నారు.

"పిలుపంటే మన కోరిక ఒక్కటే కాదు నాయనా. పిలిచేవాళ్ళూ పిలవాలి. ఒళ్ళు మొరాయిస్తోందంటే అదీ ఒక జవాబేమో ఆలోచించావా?"

"ఆలోచించాను ఫాదర్. బిషప్ గారు వద్దంటే వెళ్ళిపోతాను. ఎదురు చెప్పను. కానీ కారణం తెలియకుండా వెళ్ళను. తెలియనిదాన్ని దేవుడి జవాబు అనడం నాకు న్యాయంగా తోచదు."

ముసలి ఫాదర్ కాసేపు నడిచి, "అది కూడా మొండితనమే," అన్నారు. "అయినా మంచి రకం."

ఏడాది గడువు దగ్గరపడింది. ఈస్టర్ తర్వాతి సెలవుల్లో త్రాసు ఇంటికి వెళ్ళాడు. ఒక మధ్యాహ్నం దుకాణం వెనుక పెరట్లో, తెరిచిన కిటికీకి దూరంగా కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. లోపల తండ్రి ఆ పూట పని ముగించి పలక ఊడుస్తున్నాడు. మూలల నుంచి మధ్యకు. గిన్నె అంచును పలకకు ఆనించి పొడిని దులపడం. కుంచెను గిన్నె అంచుకు రెండుసార్లు తట్టడం.

త్రాసు కుడిచెయ్యి ఒళ్ళో కదిలింది. చూపుడు వేలు, బొటనవేలు దేన్నో పట్టుకున్నట్టు దగ్గరయ్యాయి. తండ్రి కుంచెతో పాటు ఆ వేళ్ళు కూడా అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి కిందికి కదిలాయి. అతను తన చేతివైపు చూసుకున్నాడు. ప్రతి ఉదయం పీఠం దగ్గర అతను చేసేది సరిగ్గా ఇదే. అప్పాలు ఉంచిన పళ్ళెం మీద రాలిన పొడిని, సత్ప్రసాదం పంచిన పెద్ద పాత్ర అడుగున చేరిన పొడిని, వేళ్ళతో కూడదీసి పానపాత్రలోకి దులుపుతాడు. దానిలో నీళ్ళు పోస్తాడు. పాత్రను గుండ్రంగా తిప్పుతాడు. ఆ నీళ్ళను తాగుతాడు. అరవై మంది స్వీకరించిన అప్పాల పొడి. అవి అతని ప్రత్యేకమైన అప్పాలు కావు, మామూలు గోధుమ అప్పాలు. నలుసు కూడా వదలకుండా, రోజు విడిచి రోజు కాదు, ప్రతిరోజూ.

"నాన్నా," అని పిలిచాడు.

"ఏంరా?"

"ఏం లేదు. ఇంకోసారి ఊడ్చండి."

"అంతా ఊడ్చేశాగా. పిచ్చా ఏంటి?" అన్నాడు తండ్రి. అయినా కొడుకు మొహం చూసి, శుభ్రంగా ఉన్న పలకనే మళ్ళీ ఊడ్చాడు.

డాక్టరమ్మ ఈసారి కళ్ళజోడు తియ్యకుండా మొత్తం విన్నది. విన్నాక ఆమె గొంతు పెరిగింది.

"ఆ నీళ్ళు మీరు తాగుతారా? ఏడాది నుంచి? నోట్లోకి వెళ్ళినవన్నీ చెప్పమన్నాను కదా! మంచినీళ్ళతో సహా!"

"అది మంచినీళ్ళలో చేరుతుందని నాకు తోచలేదు. మీరు అడిగింది తిండి గురించి."

"అది రొట్టె కాదా?"

"నాకు కాదు డాక్టర్. అది ప్రభువు శరీరం."

ఆమె ఆ విశ్వాసంలో పుట్టిన మనిషి కాదు. వాదించలేదు. "మీ ప్రేగుకు మాత్రం అది ఇంకా గోధుమే," అంది.

"తెలుసు. పదార్థ గుణాలు మారవని మా పాఠంలోనూ ఉంది. దాని మీద పరీక్ష రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మాత్రం ఎప్పుడూ చూడలేదు."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "మీ దగ్గర పాత్రలు కడిగేవాళ్ళకి ఈ జబ్బు సంగతి తెలియదు. నాకేమో మీ పాత్రల సంగతి తెలియదు. రెండూ తెలిసినవారు మీరొక్కరే. సరే, ఆ ఒక్కటి ఆపి రండి. ఇంకేదీ మార్చకండి."

"మార్చను. ఒక్కసారికి ఒక్కటే."

రెక్టర్‌కు చెప్పినప్పుడు ఆయన పాత్రల పని పట్టికలోంచి అతని పేరు కొట్టేశారు. "నిన్ను రొట్టె పొడి నుంచి తప్పించాలని నేనే తీసుకెళ్ళి అక్కడ పెట్టాను."

"పని మీరిచ్చారు ఫాదర్. అంత శ్రద్ధగా చేసింది నేను."

"అంత శ్రద్ధ లేనివాడికైతే జబ్బు సగమే ఉండేది," అన్నారు ఆయన. అది పొగడ్తో చింతో ఆయనకే తెలియలేదు. గడువును మూడు నెలలు పొడిగించమని ఆ సాయంత్రమే బిషప్ గారిని అడిగారు. ఆయన ఒప్పుకున్నారు.

పాత్రల పని 'గంట'కు వెళ్ళింది. త్రాసు జీవితంలో కష్టమైన కాలం ఏదంటే, జబ్బు పడిన నెలలు కావు, ఈ మూడు నెలలు. 'గంట' మనసు మంచిది, చెయ్యి తొందర. మూడో వరస బెంచీలో కూర్చున్న త్రాసు ప్రతి ఉదయం అటే చూసేవాడు. 'గంట' వేళ్ళు పళ్ళెం అంచుకు చేరకుండానే మధ్యకు వచ్చేసేవి. లేచి వెళ్ళి చేతిలోంచి అందుకోవాలనిపించేది. తాను తాకకూడదు. తాకకుండా ఆ పని సరిగ్గా జరగాలంటే ఒక్కటే మార్గం, నోరు తెరిచి అడగడం. అది అతనికి అలవాటు లేని విద్య. మొదటి వారమంతా ఊరుకున్నాడు. రెండో వారం పూజ అయ్యాక, మౌనం ముగిసిన వెంటనే, వస్త్రాల గదిలో 'గంట' దగ్గరకు వెళ్ళాడు.

"ఎడమ అంచు," అన్నాడు.

"ఏం ఎడమ అంచు?"

"పళ్ళెం ఎడమ అంచున ఒక నలుసు ఉండిపోయింది."

'గంట' వెళ్ళి పళ్ళేన్ని వెలుతురుకు పట్టి చూసి, నోరు వెళ్ళబెట్టాడు. "ఒరేయ్ త్రాసూ! మూడో వరస నుంచి కనబడిందా నీకు? అవి కళ్ళా, సూక్ష్మదర్శినులా?"

"కనబడలేదు. నీ చెయ్యి అటు వెళ్ళలేదు. అంతే."

"అయితే నేర్పు. నువ్వు తాకకు, నోటితో చెప్పు. నేను చేస్తా."

ఆ వారమంతా భోజనాల తర్వాత ఇద్దరూ వస్త్రాల గదిలో ఖాళీ పళ్ళెంతో, పొడి చేసిన సుద్దముక్కతో సాధన చేశారు. త్రాసు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేవాడు. మూలల నుంచి మధ్యకు, పాత్ర అంచును ఆనించి, అని చెప్పేవాడు. మాటలతో నేర్పడం అతని ఇంట్లో ఎవరూ చేయని పని. మొదట్లో సగం సగం వచ్చేది. తర్వాత సాఫీగా వచ్చింది.

రెండో నెలలో అంకె సగానికి పడింది. మూడో నెల చివరి పరీక్షలో ఉండవలసిన గీతకు దిగింది. డాక్టరమ్మ కాగితం ఇస్తూ, "ఇది మీ బిషప్‌కు చూపించండి. సందేహముంటే నాకు ఫోన్ చెయ్యమనండి. పాత్రల గురించి ఇప్పుడు నాకూ కొంచెం తెలుసు," అంది.

బిషప్ గారు కాగితాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టారు. ఆయనకు కావలసింది అంకె ఒక్కటే కాదు.

"ఇక్కడ నీకు తోడున్నారు. రేపు ఒక చిన్న ఊరి చర్చిలో నువ్వొక్కడివే. ప్రజల పాత్రను ఎవరు శుద్ధి చేస్తారు?"

"వెళ్ళగానే మీ అనుమతితో ఒకరిద్దరికి నేర్పుతాను."

"వాళ్ళు ఆ రోజు రాకపోతే?"

"నా అప్పానికీ నా పానపాత్రకూ వేరే పళ్ళెం, వేరే గుడ్డ ఉంటాయి. అవి నేనే శుద్ధి చేసుకుంటాను. ప్రజల పాత్రను మూతపెట్టి మందసంలో భద్రపరుస్తాను. మనిషి వచ్చేదాకా ఆగుతాను. రాకపోతే వాళ్ళ ఇంటికి వెళ్ళి అడుగుతాను."

"నువ్వు ఎవరినీ ఏదీ అడిగే మనిషివి కావని రెక్టర్ రాశారు."

"నిజమే. ఆ రాసినప్పటికి అది నిజం."

బిషప్ గారు కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "పనులన్నీ తానే చేసుకోగలిగిన గురువులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళతో నాకు వచ్చే కష్టాలు వేరు," అన్నారు. ఆ తర్వాత డీకన్ పట్టం ఏ నెలలో పెట్టవచ్చో రెక్టర్‌తో మాట్లాడడం మొదలుపెట్టారు. త్రాసు అక్కడ నిలబడి ఉన్నాడన్న సంగతి ఇద్దరూ కాసేపు మరిచిపోయారు.

ఆ మరుసటి ఏడాది అతను గురువయ్యాడు. మొదటి పూజ తన పేట చర్చిలోనే చేశాడు. అతని అప్పం చిన్న పళ్ళెంలో, అతని పానపాత్ర పీఠానికి కుడిపక్కన, మిగిలినవాటికి జానెడు ఎడంగా ఉన్నాయి. ఒకప్పుడు అతని గురించి సెమినరీకి ఉత్తరం రాసిన, ఇప్పుడు ముసలివారైన పేట చర్చి ఫాదర్ పక్కన నిలబడి ప్రజల పాత్రల పని చూశారు. మొదటి వరసలో తండ్రి, తల్లి, అక్క కూర్చున్నారు. ప్రసంగం చిన్నది. ఆ ఆశ్రమంలో మరణించిన ఇంజను డ్రైవరు గురించి చెప్పాడు, తాను పక్కకు జరిగిన అడుగు గురించి చెప్పాడు. అక్క చెప్పిన దిండ్లు ఎవరికీ అవసరం పడలేదు.

సత్ప్రసాదం పంచడం అయ్యాక పేట చర్చి ఫాదర్ పాత్రలు శుద్ధి చేయడానికి కూర్చున్నారు. ఆయన చేతులు కొంచెం వణుకుతాయి. కొత్త గురువు తన ఆసనం నుంచి వంగి ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఆయన తలూపి, పళ్ళేన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

పూజ అయ్యాక, చర్చి బయట జనం పలకరింపుల మధ్య, తండ్రి కొడుకు దగ్గరకు వచ్చాడు. శుభాకాంక్షలేవీ చెప్పలేదు.

"ఆ పెద్ద ఫాదర్ మొదటిసారి అవతలి అంచు వదిలేశారు. చూశావా?"

"చూశాను నాన్నా."

"మరి?"

"చెప్పాను. మళ్ళీ ఊడ్చారు."

తండ్రి ఆ జవాబును కాసేపు మనసులో తూచుకున్నట్టు నిలబడ్డాడు. "సరే అయితే," అని, అన్నం వేళయిందని అందరినీ ఇంటికి బయలుదేరదీశాడు.